వయోవృద్ధుల కేంద్రానికి స్థలం ఎంచుకోవడం: పెద్దలు రోజూ నడిచే దారిలోనే వెతకండి

పెన్షనర్ల సంఘమైనా, కాలనీ సంక్షేమ సంఘమైనా, పంచాయతీ అయినా వయోవృద్ధుల కోసం కేంద్రం కట్టాలనుకున్నప్పుడు ముందుగా వినిపించే ప్రశ్న "స్థలం ఎవరిస్తారు?" అనేది. ఆ ప్రశ్నతో మొదలుపెడితే చివరికి దొరికేది బైపాసుకు అవతలి పొలమో, కొత్త లేఅవుట్‌లో మూలనున్న ప్లాటో అవుతుంది. దాత పేరుతో శిలాఫలకం వెలుస్తుంది, ప్రారంభోత్సవం ఘనంగా జరుగుతుంది, ఆరు నెలలు గడిచేసరికి తలుపుకు తాళం పడుతుంది. కాబట్టి ప్రశ్న మార్చండి. ఎవరు వస్తారు, ఎక్కడి నుంచి వస్తారు, ఎలా వస్తారు అని అడగండి. స్థలం ఆ జవాబుల్లోంచే తేలాలి.

ఇది వృద్ధాశ్రమం గురించి రాస్తున్నది కాదు. ఆశ్రమంలో ఉండేవారు అక్కడే నివసిస్తారు కనుక ఊరికి కాస్త దూరమైనా నడుస్తుంది. ఇక్కడ చెబుతున్నది పగటి కేంద్రం గురించి: ఇంట్లోనే ఉంటూ రోజుకు రెండు మూడు గంటలు వచ్చి పత్రికలు చదువుకుని, క్యారమ్స్ ఆడుకుని, బీపీ చూపించుకుని, నలుగురితో మాట్లాడి తిరిగి వెళ్లే చోటు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఒక మోస్తరు పట్టణాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పల్లెకైనా, మహానగరంలోని కాలనీకైనా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

మొదటి అడుగు: పెద్దలు ఎక్కడున్నారో లెక్క తీయండి

ఇందుకు పెద్ద సర్వే అక్కర్లేదు. ఓటర్ల జాబితా పోలింగ్ కేంద్రాల వారీగా ఉంటుంది, ప్రతి పేరు పక్కన వయసు, ఇంటి నంబరు ఉంటాయి. 60 ఏళ్లు దాటినవారిని వీధుల వారీగా లెక్కపెట్టి పట్టణం పటం మీద గుర్తులు పెట్టండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా 60 ఏళ్లు నిండినవారినే వయోవృద్ధులుగా లెక్కిస్తుంది. 75 దాటినవారికి వేరే రంగు వాడండి, ఎందుకంటే కేంద్రం దూరమైతే ముందుగా రావడం మానేసేది వాళ్లే.

ఆ తర్వాత ఆశా కార్యకర్తలతో కూర్చోండి. ఎవరు ఒంటరిగా ఉంటున్నారో, ఎవరి పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారో, ఎవరు కర్ర పట్టుకుని నడుస్తున్నారో ఓటర్ల జాబితా చెప్పదు, వాళ్లు చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే పింఛన్లు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చే సచివాలయ సిబ్బందికీ ఈ సంగతులు బాగా తెలుసు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. స్థలం చూసే కమిటీలో సాధారణంగా ఉండేది పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, ఎక్కువగా మగవారు, స్కూటరు నడపగలిగినవారు. కేంద్రం అవసరం ఎక్కువగా ఉన్నది భర్త పోయి ఒంటరిగా ఉన్న స్త్రీలకు, చదువు లేనివారికి, వాహనం లేనివారికి. స్కూటరు మీద వెళ్లి చూసిన స్థలం "అయిదు నిమిషాలే" అనిపిస్తుంది. అందుకే కమిటీలో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి, ప్రతి స్థలాన్నీ నడిచే వెళ్లి చూడాలి.

రెండో అడుగు: దూరాన్ని పెద్దల కాళ్లతో కొలవండి

డెబ్బై దాటినవారిలో చాలామంది సెకనుకు సుమారు 0.8 మీటర్ల వేగంతో నడుస్తారు. అంటే అర కిలోమీటరుకు పది నిమిషాలు దాటుతుంది. ఎండలో, నీడ లేని రోడ్డు మీద, మధ్యలో కూర్చోవడానికి అరుగు కూడా లేకపోతే అంతకుమించి నడవమనడం అన్యాయం. కనుక ఎక్కువ గుర్తులున్న ప్రాంతం మధ్య నుంచి 500 మీటర్ల లోపు స్థలాన్ని మొదట వెతకండి. దొరకకపోతే 800 మీటర్ల వరకు వెళ్లండి. అంతకు మించితే అది వాహనం మీద వచ్చే కేంద్రం అయినట్టే, అప్పుడు లెక్క వేరు.

పటం మీద గీత గీసి కొలిచిన దూరాన్ని నమ్మకండి. మధ్యలో రైల్వే గేటు ఉండవచ్చు, వాగు ఉండవచ్చు, నాలుగు వరుసల రోడ్డు ఉండవచ్చు. పెద్ద రోడ్డు దాటడం ఒక్కటే ఎంత అడ్డంకో చూడండి. పాదచారుల సిగ్నల్‌కు సమయం లెక్కకట్టేటప్పుడు సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడకను తీసుకుంటారు. ఆ లెక్కన 15 మీటర్ల రోడ్డును 12 లేదా 13 సెకన్లలో దాటాలి. మన పెద్దవారికి దాదాపు 19 సెకన్లు పడుతుంది. సిగ్నలే లేని చోట, ఎదురు దిశలో బైకులు వచ్చే చోట ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రోడ్డుకు రెండు వైపులా స్థలాలుంటే ఎక్కువ మంది పెద్దలున్న వైపుదే తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా సరే.

ఇప్పుడు ఉచిత స్థలం అసలు ఖరీదు చూద్దాం. ఊరి చివరి స్థలానికి షేర్ ఆటోకు ఒకవైపు 20 రూపాయలనుకోండి. రానూపోనూ 40. నెలకు 25 రోజులు వస్తే వెయ్యి రూపాయలు. తెలంగాణలో 2019లో 2,016 రూపాయలకు పెంచిన వృద్ధాప్య పింఛనులో అది దాదాపు సగం. ఆంధ్రప్రదేశ్‌లో ఇస్తున్న 4,000లోనైనా పావు వంతు. కబుర్లు చెప్పుకోవడానికి ఏ ముసలమ్మా పింఛనులో సగం ఆటోకు పెట్టదు. నలభై మంది సభ్యులుంటే నెలకు నలభై వేల భారం వాళ్ల మీద పడినట్టు, లేదా నలభై మంది ఇంట్లోనే ఉండిపోయినట్టు. దాత ఇచ్చిన స్థలం విలువ పక్కన ఈ లెక్క కూడా రాసి సమావేశంలో చదవండి.

బస్సు విషయంలో ఈమధ్య పరిస్థితి మారింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం. కాబట్టి బస్టాపుకు వంద, రెండు వందల మీటర్లలో ఉన్న స్థలం పెద్ద వయసు స్త్రీలకు నిజంగా దగ్గరే. అయితే ఆ స్టాపులో బస్సు ఆగుతుందో లేదో, గంటకు ఎన్ని వస్తాయో నిలబడి చూడండి. మెట్టు ఎత్తు వల్ల మోకాళ్ల నొప్పులున్నవారు బస్సు ఎక్కలేరన్న సంగతి కూడా మరిచిపోకూడదు. ఉచిత బస్సు ఉంది కదా అని నడక దూరాన్ని వదిలేయడం సరికాదు.

మూడో అడుగు: వాళ్లు ఇప్పటికే వెళ్తున్న చోట్లను గుర్తించండి

పెద్దలు రోజంతా ఇంట్లోనే ఉండరు. పొద్దున గుడికి వెళ్తారు, రైతు బజారుకు వెళ్తారు, మనవడిని బడిలో దింపుతారు, పాల కేంద్రం దగ్గర ఆగుతారు, పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్తారు. చర్చికి, మసీదుకు వెళ్లేవారి దారులు వేరుగా ఉంటాయి, వాటినీ పటం మీద గీయండి. ఈ దారులన్నీ కలిసే చోటికి ఎంత దగ్గరగా ఉంటే కేంద్రం అంత నిండుగా ఉంటుంది. ప్రత్యేకంగా బయలుదేరి రావలసిన చోటుకు రావడానికి ఉత్సాహం కావాలి. దారిలో ఉన్న చోట ఆగడానికి ఓపిక ఉంటే చాలు.

ఇందులో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది బడి. చాలా ఇళ్లలో తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్తారు, పిల్లలను దింపి మళ్లీ తెచ్చుకునేది నాయనమ్మ, అమ్మమ్మ, తాతయ్యలే. అంగన్‌వాడీకో ప్రాథమిక పాఠశాలకో రెండు మూడు వందల మీటర్లలో కేంద్రం ఉంటే పిల్లవాడిని దింపి అక్కడికి వస్తారు, బడి విడిచే వేళకు లేస్తారు. అయితే బడిని ఆనుకుని ఉండకూడదు. గంటల మోత, పిల్లల కేకలు వినికిడి తగ్గినవారికి మాటను మింగేస్తాయి. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి చుట్టూ ఉన్న రొద కూడా పెద్దదై వినిపిస్తుంది.

ఇదే కారణంతో ఫంక్షన్ హాలు పక్క స్థలాన్ని వదిలేయండి. పెళ్లిళ్ల ముహూర్తాల్లో కేంద్రం మూసుకోవలసి వస్తుంది. పట్టణ ఆరోగ్య కేంద్రం గానీ బస్తీ దవాఖానా గానీ దగ్గరుంటే చాలా మేలు. వైద్య సిబ్బంది వారానికోసారి నడిచి రాగలిగితే బీపీ, షుగర్ పరీక్షలు సాగుతాయి. దూరమైతే ఒకటి రెండు నెలలకే ఆగిపోతాయి.

నాలుగో అడుగు: చర్చ లేకుండా వదిలేయవలసినవి

మార్కులు వేసి మొత్తం కూడే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ధరలో పదికి పది వచ్చిన స్థలం మునిగిపోయేదైనా కూడికలో గెలుస్తుంది. ముందు వడపోయాలి, నిలిచినవాటినే పోల్చాలి.

పై అంతస్తు వద్దు. పురపాలక దుకాణ సముదాయం మీద ఖాళీగా ఉన్న హాలును "లిఫ్టు పెడతాం" అని చూపిస్తుంటారు. కరెంటు పోయినప్పుడు, లిఫ్టు చెడినప్పుడు లోపలివారు దిగలేరు, బయటివారు ఎక్కలేరు. నేల మీద ఉన్న చిన్న గది మేడ మీద ఉన్న పెద్ద హాలు కంటే వెయ్యి రెట్లు నయం.

నీరు చేరే స్థలం వద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయినప్పుడు నడవలేని పెద్దలు ఎంత అవస్థ పడ్డారో అందరం చూశాం. వేసవిలో చూస్తే ఏ స్థలమైనా పొడిగానే ఉంటుంది. పక్క ఇళ్ల గోడల మీద నీటి గీతలు చూడండి, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు యజమానిని అడగండి, వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు మళ్లీ వెళ్లండి. చెరువు దగ్గరైతే నీటిపారుదల శాఖ పటంలో ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత, ఎక్కడుందో తెలుసుకోండి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. ఆ పరిధిలో కట్టడం చట్టవిరుద్ధం, పైగా ప్రమాదం.

మద్యం దుకాణం ఉన్న సందు వద్దు. దుకాణం సాయంత్రమే రద్దీగా ఉంటుందని సర్దిచెప్పేవారు ఉంటారు. స్త్రీలు ఆ దారిన రారు, అంతే. చెత్త పోగుపడే చోటు, స్థలం మీదుగా హైటెన్షన్ తీగలు, గేటు ముందే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి కూడా పక్కన పెట్టండి. 108 వాహనం గేటు దాకా వచ్చి తిరిగి వెళ్లలేని ఇరుకు సందు కూడా ఇంతే.

శ్మశానం పక్క స్థలం గురించి కొందరు "మూఢనమ్మకం" అని వాదిస్తారు. తోటివారిని రోజూ సాగనంపుతున్న వయసులో ఆ దృశ్యం ఎదురుగా ఉండాలా అని ఆలోచించండి. వాస్తు విషయం కూడా ఈ తీరుదే. వచ్చేవారిలో చాలామందికి పట్టింపు ఉంటుంది కనుక చూపించండి. కానీ వాస్తు బాగుందన్న ఒక్క కారణంతో నీరు నిలిచే చోటును ఎంచుకోకండి.

అయిదో అడుగు: స్థలం ఎంత, ఎత్తు ఎంత

యాభై మంది కూర్చునే కేంద్రానికి హాలు సుమారు వెయ్యి చదరపు అడుగులు కావాలి. కుర్చీలు గుండ్రంగా వేసుకుని, మధ్యలో చక్రాల కుర్చీ తిరగడానికి అయిదు అడుగుల జాగా వదిలితే అంత పడుతుంది. రెండు మరుగుదొడ్లు, చిన్న వంటగది, పరీక్షల గది, వరండా కలిపితే నేల అంతస్తులోనే దాదాపు 1,800 చదరపు అడుగులు. చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఆటో తిరిగే జాగా, ర్యాంపు కలుపుకుంటే ఎనిమిది సెంట్లు, అంటే 387 గజాలు సరిపోతుంది. తెలంగాణ లెక్కలో మూడు గుంటలు దాటి కొంచెం. నాలుగు సెంట్లే దొరికి మిగతావన్నీ బాగుంటే హాలు తగ్గించుకుని తీసుకోండి. దూరాన ఉన్న అరెకరం కోసం దాన్ని వదులుకోవద్దు.

స్థలం ఎత్తును మాత్రం చాలామంది పట్టించుకోరు. మన ఊళ్లలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర మీదే కొత్తది పరుస్తారు, రోడ్డు ఎత్తు పెరుగుతూ పోతుంది. రోడ్డు కంటే పల్లంలో ఉన్న స్థలమైతే మట్టి తోలి, పునాది లేపి, ముందు మెట్లు పెట్టాలి. మెట్లున్న చోట ర్యాంపు కావాలి. ర్యాంపు వాలు 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. పునాది రెండు అడుగులుంటే ర్యాంపు పొడవు 24 అడుగులు, పైనా కిందా నిలబడే చదును అయిదేసి అడుగులు, మొత్తం 34. ముఖం 30 అడుగులే ఉన్న ప్లాటులో అది తిన్నగా పట్టదు, మలుపు తిప్పాలి. అప్పుడు కొందరు మేస్త్రీలు వాలు పెంచి నిటారుగా కట్టేస్తారు. ఆ ర్యాంపు మీద చక్రాల కుర్చీని ఇంకొకరు తోయలేరు, పట్టుకోనూలేరు. అందుకే రోడ్డుతో సమంగానో అడుగు ఎత్తులోనో సహజంగా ఉన్న స్థలానికి ప్రాధాన్యం ఇవ్వండి.

తాగునీటి పైపు, మురుగు పైపు గేటు ముందు దాకా వచ్చాయో లేదో పురపాలక ఇంజినీరును అడగండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాల్లో బోరు నీటిని నమ్ముకోవడం కుదరదు. స్థలంలో పెద్ద వేపచెట్టో కానుగచెట్టో ఉంటే అదృష్టం అనుకోండి. దాన్ని కొట్టేసి హాలు పెంచాలనే ఇంజినీరుకు ఒప్పుకోవద్దు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, పైగా మే నెలలో పెద్దలు కూర్చోవాలనుకునేది ఆ చెట్టు కిందే.

ఆరో అడుగు: కాగితాలు

దాత మంచివారు, ఊరికి పెద్దవారు అన్న గౌరవంతో కాగితాలు అడగడానికి మొహమాటపడటం మామూలే. అడగండి. ఆ గౌరవం నిలవడానికే అడుగుతున్నామని చెప్పండి.

లింకు డాక్యుమెంట్లు (స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు), కనీసం 30 ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీసుకోండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఎ జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో తేలుతాయి. మొదట వ్యవసాయ భూమి అయితే ఆంధ్రప్రదేశ్‌లో భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాలు), 1-బి (యాజమాన్య వివరాలు), తెలంగాణలో 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూ భారతి పోర్టల్ చూడండి. పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి బదిలీపై 1977 చట్టం కింద ఆంక్షలు ఉన్నాయి. అటువంటి భూమి దానంగా వస్తే న్యాయవాదిని అడగకుండా ముందుకు వెళ్లకండి. పిత్రార్జితమైతే పిల్లల సంతకాలు కూడా ఉండాలి. తండ్రి ఉత్సాహంగా ఇచ్చిన స్థలం మీద కొడుకులు పదేళ్ల తర్వాత కోర్టుకెళితే, అప్పటికి కమిటీలో మిగిలేవాళ్లెంతమందో ఆలోచించండి.

దానం నోటిమాటతో చెల్లదు. ఇద్దరు సాక్షులతో గిఫ్ట్ డీడ్ రిజిస్టరు కావాలి. అది అధ్యక్షుడి పేరున కాక, 2001 సొసైటీల చట్టం కింద నమోదైన సంఘం పేరున ఉండాలి. అద్దెకు తీసుకుంటే ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పది పదిహేనేళ్లకు తక్కువైతే కట్టడం మీద డబ్బు పెట్టకండి.

లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలం అందరి కంటికీ సులువుగా కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లవద్దని నా సలహా. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 1991లోనే కొట్టేసింది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పార్కు కాకుండా పోదు. పెద్దలకు ఆ పార్కు కూడా కావాలి కదా. లేఅవుట్‌లో సామాజిక అవసరాలకని వేరుగా చూపిన స్థలం ఉంటే దాన్ని అడగండి, లేదా తహసీల్దారు ద్వారా కలెక్టరుకు ప్రభుత్వ భూమి కోసం దరఖాస్తు పెట్టండి. సమయం పడుతుంది, కానీ హక్కు గట్టిగా ఉంటుంది.

ఏడో అడుగు: కట్టకముందే నడిపి చూడండి

రెండు మూడు స్థలాలు మిగిలాక నెల, నెలన్నర తాత్కాలికంగా నడపండి. స్థలానికి దగ్గరలోని గుడి మండపం, బడి వరండా, ఖాళీగా ఉన్న దుకాణం, ఏదైనా సరే. ఇరవై కుర్చీలు, రెండు పత్రికలు, ఒక ఫ్లాస్కు టీ చాలు. ఒక్కో చోట రెండేసి వారాలు నడిపి రోజూ వచ్చినవారి పేర్లు, వయసు, వీధి, ఎలా వచ్చారన్నది పుస్తకంలో రాయండి. మొదటి మూడు రోజుల రద్దీని లెక్కలోకి తీసుకోకండి, అది కొత్తదనం. రెండో వారంలో ఎవరు మళ్లీ వచ్చారో అదే నిజమైన లెక్క. రానివారి ఇళ్లకు వెళ్లి కారణం అడగండి. "కుక్కలు ఎక్కువ", "ఆ మూలన మ్యాన్‌హోలు మూత లేదు", "మరుగుదొడ్డి లేదు కనుక నీళ్లు తాగకుండా వస్తున్నా" వంటి జవాబులు వస్తాయి. వీటిలో కొన్నింటిని పురపాలక సంఘం వారంలో సరిచేయగలదు, కొన్నింటికి స్థలం మార్చడమే మార్గం. మరుగుదొడ్డి కారణం చెప్పినవారి మాటను ముందు పెట్టండి, ఎందుకంటే అది అడిగితే తప్ప బయటికి రాదు.

నిర్ణయం అయ్యాక

మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వేయరుతో హద్దులు కొలిపించండి, పక్క స్థలాల యజమానులు ఉన్నప్పుడే రాళ్లు పాతించి ఫోటోలు తీయండి. కట్టడానికి డబ్బు సమకూరడానికి ఏడాది పట్టినా కంచె, బోర్డు మాత్రం ఆ నెలలోనే పడాలి. సంఘం పేరున ఖాళీ స్థలం పన్ను కట్టి రసీదులు దాచండి. ప్లాను గీసే ఇంజినీరుకు తాత్కాలికంగా నడిపినప్పటి పుస్తకాన్ని ఇవ్వండి: ఎంతమంది కర్రతో వచ్చారో, ఎంతమంది ఆటోలో దిగారో అందులో ఉంది కనుక గేటు, ర్యాంపు, మరుగుదొడ్డి ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టే గీయమనండి.